పూజ మధ్యలో లేస్తే దోషమా? ఇంటి భక్తి గురించి అపోహలు - వాస్తవాలు

నేను పురోహితుణ్ణి. విశాఖలో మర్రిపాలెం దగ్గర ఉంటాను. ఇరవై ఏళ్లకు పైగా గోపాలపట్నం నుంచి కూర్మన్నపాలెం దాకా ఇళ్లలో వ్రతాలు, నామకరణాలు, ఆబ్దికాలు చేయిస్తున్నాను. ముహూర్తం కోసం ఫోన్ చేసేవాళ్లు ఎంతమందో, "పంతులుగారూ, ఇంటి చాకిరీతోనే తెల్లారిపోతోంది, దేవుడి మీద మనసు నిలవట్లేదు" అని బాధపడేవాళ్లూ అంతమంది. వాళ్ల కోసమే ఇది.

అపోహ: ఇంటి పని వేరు, భక్తి వేరు. పనులు తెమిలాక మిగిలిన టైమే దేవుడిది.

వాస్తవం: షోడశోపచార పూజ అని మేము చేయిస్తాం కదా, ఆ పదహారింటినీ ఒక్కసారి తెలుగులో చెప్పుకుని చూడండి. ఆవాహనం అంటే రమ్మని పిలవడం. ఆసనం అంటే పీట వేయడం. పాద్యం, కాళ్లు కడుక్కోవడానికి నీళ్లు. ఆ తర్వాత స్నానం, వస్త్రం, గంధం, పువ్వులు, దీపం, నైవేద్యం అంటే అన్నం పెట్టడం, చివర తాంబూలం. ఇంటికి వచ్చిన మనిషికి మన అమ్మమ్మలు చేసిన మర్యాదలే ఇవన్నీ, మంత్రంలో సంస్కృతంలో వినేసరికి మనకు సంబంధం లేనివిలా అనిపిస్తాయి, అంతే. ఇంట్లో మనుషుల్ని ఎలా ఆదరిస్తామో అలాగే దేవుణ్ణీ ఆదరించమన్నారు పెద్దలు. స్టీల్ ప్లాంట్‌లో నైట్ షిఫ్ట్ దిగి వచ్చిన భర్తకి వేడినీళ్లు పెట్టిన భార్యా, ఆసుపత్రిలో నైట్ డ్యూటీ చేసి వచ్చిన భార్యకి టిఫిన్ చేసి పెట్టి పిల్లల్ని బడికి తయారు చేసిన భర్తా ఆ ఉపచారాల్లో సగం అప్పటికే చేసేశారు. గృహస్థు రోజూ చేయాలన్న అయిదు మహాయజ్ఞాల్లో కూడా ఒకటి అతిథికి పెట్టడం, ఇంకొకటి కాకికి, కుక్కకి, చీమకి ఇంత వేయడం.

అలాగని దీపం మానేయమని కాదు నేను చెప్పేది. దీపం పెట్టండి. పెట్టిన చేత్తోనే మిగతా పనులు కూడా చేస్తున్నామని గుర్తుంచుకోండి.

అపోహ: పూజ మధ్యలో లేచినా, ఏదైనా తప్పినా ఇంటికి కీడు.

వాస్తవం: ఈ భయం నేను రోజూ చూస్తాను, అందుకే కాస్త వివరంగా చెప్తాను. ఒకరింట్లో సత్యనారాయణ వ్రతం. మూడో కథ దగ్గర ఉన్నాం. లోపలి గదిలో అత్తగారు, పక్షవాతంతో మంచాన ఉన్నారు, పిలిచారు. ఒకసారి కాదు, మూడుసార్లు. కోడలు గుప్పిట్లో ఉన్న అక్షతలు పళ్లెంలో వదిలి, కొంగు దోపుకుని లోపలికి వెళ్లింది. నేను కథ ఆపాను. పావుగంట పట్టింది. చేతులు కడుక్కుని కొంగుకి తుడుచుకుంటూ వచ్చి, పీట మీద కూర్చోకుండా అలాగే నిలబడిపోయింది. "మధ్యలో లేచాను, ప్రాయశ్చిత్తం ఏమన్నా చేయాలా పంతులుగారూ?" అంది. కళ్లలో నీళ్లు.

ప్రతి పూజ చివరా "మంత్రహీనం క్రియాహీనం భక్తిహీనం" అని చెప్పిస్తాం. మంత్రం తప్పింది, చేయాల్సినది తప్పింది, చివరికి భక్తి కూడా చాల్లేదు, అయినా ఇది పూర్తయినట్టే తీసుకో స్వామీ అని దానర్థం. అంటే తప్పు జరుగుతుందని పూజకి ముందే తెలుసు! బట్ట లేకపోతే "వస్త్రార్థం అక్షతాన్ సమర్పయామి" అని నాలుగు బియ్యపు గింజలు వేయిస్తాం కదా, అదీ ఇలాంటిదే. ఆమెకి ఒకటే చెప్పాను: "అమ్మా, ఇక్కడ స్నానం సమర్పయామి అని పువ్వుతో నీళ్లు చిలకరించాం. లోపల మీరు నిజంగానే చేసి వచ్చారు. కూర్చోండి."

ఆవిడ లేవబోతుంటే భర్త లేవాల్సింది, తల్లి ఆయనకే కదా. ఆ మాట తాంబూలం తీసుకున్నాక ఆయన్ని పక్కకి పిలిచి చెప్పాను.

అపోహ: అద్దె ఇల్లు, పూజ గది లేదు, కాబట్టి కుదరదు.

వాస్తవం: పూజ మొదట్లో చెప్పే సంకల్పంలో సొంత ఇల్లయితే "స్వగృహే" అంటాం, అద్దె ఇల్లయితే "వసతి గృహే" అంటాం. అద్దెకుండేవాళ్లకి కూడా ఒక మాట ఉంది. బురుజుపేటలో కనకమహాలక్ష్మి అమ్మవారికి గుడి పైకప్పే లేదు, ఎవరి పూజ వాళ్లే స్వయంగా చేసుకుంటారు. గోడకి చిన్న అర చాలు.

అపోహ: గొడవలుండే ఇంట్లో దేవుడు ఉండడు.

వాస్తవం: గొడవ లేని ఇల్లు నేనింతవరకు చూడలేదు. సంకల్పంలో "సహకుటుంబానాం" అంటే మనతో మాటల్లేని తమ్ముడు కూడా అందులో ఉన్నట్టే. అయితే ఒకటి గట్టిగా చెప్పాలి: కొట్టే మనిషిని భరించడం భక్తి కాదు, పాతివ్రత్యం కాదు. అలాంటిచోట వ్రతాలు చెప్పేవాళ్ల మాట వినకండి. మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయండి.

అపోహ: ఈ కాలం పిల్లలకి భక్తి లేదు.

వాస్తవం: పని చెప్పకుండా కూర్చోబెడితే ఎవరికైనా విసుగే. ఆషాఢంలో సింహాచలం గిరి ప్రదక్షిణ రోజు చూడండి. 32 కిలోమీటర్లు నడిచి వచ్చేవాళ్లకి దారి పొడవునా మంచినీళ్లు, మజ్జిగ ఇస్తుంటారు. ఎన్ని ఇళ్ల ముందు పిల్లలే గ్లాసులు అందిస్తారో! ముక్కూ మొహం తెలియని ముసలాయన తాగి "చల్లగా ఉండు నాయనా" అంటే ఆ పిల్లాడి మొహం చూడాలి. ప్రసాదం పక్కింటికి పట్టుకెళ్లే పని, ఆ పక్కిల్లు చర్చికి వెళ్లేవాళ్లదైనా సరే, పిల్లలకే ఇవ్వండి.

అపోహ: నిజంగా భక్తి ఉంటే ఏదో అనుభూతి కలగాలి.

వాస్తవం: మన సింహాచలం అప్పన్న స్వామి నిజరూపం ఏడాదికి ఒక్కరోజే, అక్షయ తృతీయ నాడు. మిగతా రోజులన్నీ చందనం కిందే ఉంటాడు. అయినా జనం రోజూ కొండెక్కుతున్నారు.

మా నాన్నగారు చివరి ఏడాది మంత్రాలన్నీ మరిచిపోయారు, నా పేరు కూడా. నాకు సంధ్యావందనం నేర్పిన మనిషి. పెరుగన్నం మెత్తగా పిసికి తినిపిస్తుంటే, ప్రతి ముద్దకి ముందూ కుడి చేయి కంచం చుట్టూ తిప్పేవారు, భోజనానికి ముందు నీళ్లతో చేసే పరిషేచనం చేస్తున్నట్టు. చేతిలో నీళ్లు ఉండేవి కావు. ఆ రోజుల్లో నాకే అనుభూతీ కలగలేదు, తొమ్మిదింటికి ఇంకో ఇంట్లో వ్రతం ఉందన్న టెన్షన్ తప్ప. ఆయన పోయి నాలుగేళ్లయింది. ఇప్పుడు భోజనానికి కూర్చుని అరచేతిలో నీళ్లు తీసుకుంటే ఆ చేయే కనిపిస్తుంది, వణుకుతూ, కంచం అంచు తగలకుండా తిరుగుతూ.