సమాధి రాయికి సిమెంటు ఎందుకు వద్దు?

పిల్లలూ,

పేపరు లోకల్ పేజీలో పాత శ్మశానం బాగుచేస్తున్న వార్త చదివి మీరడిగిన ప్రశ్న నాకు నచ్చింది. “సమాధుల మీద సిమెంటు చెక్కేసి సున్నం పెడుతున్నారట. గట్టిగా ఉన్నదాన్ని తీసేయడమేంటి తాతయ్యా?”

ఆటలాడి చెమటతో ఉన్నారనుకోండి. నూలు చొక్కా అయితే చెమట పీల్చి గాలికి ఆరుతుంది. రెయిన్‌కోటు తొడుక్కుంటేనో? లోపల ఉడికిపోతారు. రాయీ అంతే. వానకు తడుస్తుంది, నేలలోంచి చెమ్మ పీలుస్తుంది. రాళ్ల సందుల్లో సున్నం ఉంటే ఆ తడి అందులోంచి బయటికి పోతుంది. సిమెంటు కోటు పోనివ్వదు. దాంతో తడి రాతిలోంచే దారి చూసుకుంటుంది. అది మోసుకొచ్చిన ఉప్పు రాతి పైపొర కింద పేరుకుని, పెచ్చులు పెచ్చులుగా ఊడగొడుతుంది. పేరు చెక్కింది ఆ పొర మీదే మరి! చొక్కా చిరిగితే ఇంకోటి కుట్టించుకోవచ్చు, ఒళ్లు చీరుకుపోతే కుట్టించుకోగలమా? సున్నం అలా చిరగడానికే ఉంది. ఇప్పుడు మనం మామూలుగా వాడే పోర్ట్‌ల్యాండ్ సిమెంటుకు ఇంగ్లండులో పేటెంటు వచ్చిందే 1824లో. అంతకు ముందరి రాళ్లు ఆ కోటు ఎరుగవు.

ఇలాంటి వార్త పడగానే ఒకాయన పెట్టె అడుగు నుంచి పాత ఫొటో తెస్తాడు. రాతి మీద ఊడిపోయిన అక్షరాలు అందులో దొరుకుతాయి. ఇంకొకాయన యాసిడ్ సీసా, ఇనుప బ్రష్షు పట్టుకుని సేవకు దిగుతాడు. మంచి మనసే, కానీ నాకు టెన్షనంతా ఈయనతోనే. పాలరాతి మీద యాసిడ్ పడితే బుసబుసా పొంగి అక్షరాల అంచులు కరిగిపోతాయి. ఏం చేయకూడదో కూడా విలేకరులు ఒక ముక్క రాస్తే బాగుండు.

నా చిన్నప్పుడు ఒక కాపలా ముసలాయన దగ్గర పగిలిన అద్దం ముక్క ఉండేది. ఏమీ లేదనుకున్న రాతి మీదికి పక్క నుంచి, బాగా ఏటవాలుగా ఎండ కొట్టించేవాడు. గాట్లలో నీడ నిండి అక్షరాలు ఒక్కొక్కటే లేచేవి. ముందు తేదీ, తర్వాత పేరు, చివర్న మూలన చిన్న పువ్వు. ఆ పువ్వు చెక్కినవాడి పేరు ఎక్కడా ఉండదు. ఎందుకో నాకు అతనే ఎక్కువ గుర్తొస్తాడు.

సెలవు రోజున పెద్దవాళ్లతో వెళ్లండి, అక్కడివాళ్లను అడిగి లోపలికి అడుగుపెట్టండి. రుద్దొద్దు, సుద్దముక్క పూయొద్దు, రాయి మీద ఆనుకోవద్దు. పొద్దు వాలేటప్పుడైతే అద్దం కూడా అక్కర్లేదు. కనిపించిన అక్షరాలు ఉన్నవి ఉన్నట్టు నోట్‌బుక్కులో దించుకోండి, చెరిగిన చోట గీత పెట్టండి. ఊహించి నింపొద్దు సుమా.

మీ తాతయ్య