సౌర విద్యుత్తుతో ఏసీ: అపోహలు - వాస్తవాలు

2018 అక్టోబరులో తిత్లీ తుపాను వెళ్లిపోయాక, కరెంటు లేని రాత్రులు గడిపిన పర్లాకిమిడి పరిసరాల వారు గ్రిడ్‌తో, అంటే స్తంభాల లైనుతో పనిలేని సోలార్ గురించి, ఆ పని చేసే నన్ను అడగడం ఎక్కువైంది. ఏసీ మాట వచ్చేసరికి అవే అపోహలు ఇప్పటికీ వినిపిస్తున్నాయి.

అపోహ: ఇన్వర్టర్ ఏసీ కొంటే ఇంట్లోని ఇన్వర్టర్ మీదే నడుస్తుంది.

వాస్తవం: పేరు ఒకటే గాని పని వేరు. ఏసీలోని ఇన్వర్టర్ గది వేడిని బట్టి కంప్రెసర్ వేగాన్ని పెంచి తగ్గిస్తుంది. ఇంట్లోనిది బ్యాటరీ కరెంటును ఇంటి కరెంటుగా మారుస్తుంది. ఒకటిన్నర టన్నుల ఏసీ పూర్తి వేగంలో సుమారు 1,500 వాట్లు లాగుతుంది కనుక, రెండు ఫ్యాన్లకూ నాలుగు లైట్లకూ పెట్టుకున్న 900 వీఏ (వోల్ట్-ఆంపియర్) సామర్థ్యపు ఇన్వర్టర్ ఓవర్‌లోడ్ అని కూతపెట్టి ఆగిపోతుంది. అయినా సోలార్‌కు ఇన్వర్టర్ ఏసీయే మేలు. పాతరకం కంప్రెసర్ మొదలయ్యే క్షణంలో మామూలు కరెంటుకు ఎన్నో రెట్లు లాగితే, ఇది నెమ్మదిగా అందుకుంటుంది.

అపోహ: నాలుగు బ్యాటరీలు పెడితే రాత్రంతా చల్లగా పడుకోవచ్చు.

వాస్తవం: డబ్బంతా పోయేది ఇక్కడే. తొలి రోజుల్లో నేనే ఒక ఇంటికి 150 ఏహెచ్ (ఆంపియర్-అవర్, బ్యాటరీ నిల్వకు కొలత) ట్యూబులర్ బ్యాటరీలు, అంటే ఇళ్ల ఇన్వర్టర్లకు వాడే లెడ్-యాసిడ్ రకానివి, నాలుగు అమర్చాను. రాత్రి రెండు గంటలకు ఫోను మోగింది: "బాబూ, ఏసీతోపాటు ఫ్యానూ ఆగిపోయింది." ఒక్కో 12 వోల్టుల బ్యాటరీలో కాగితం మీద 1.8 యూనిట్లు ఉన్నా, అది నాలుగేళ్లు మన్నాలంటే సగానికి మించి దింపకూడదు. అంటే నాలుగింటికీ కలిపి 3.6 యూనిట్లు, అందులోనూ ఇన్వర్టర్ కొంత తినేస్తుంది. సగటున 700 వాట్లు లాగుతూ ఎనిమిది గంటలు నడిచే ఏసీకి 5.6 యూనిట్లు కావాలి. కాబట్టి ఎనిమిది ట్యూబులర్ బ్యాటరీలో, 51 వోల్టుల 100 ఏహెచ్ లిథియం ప్యాక్‌లు రెండో పెట్టాలి. వాటిని మర్నాడు నింపుతూ పగటి వాడకాన్నీ మోయడానికి కనీసం 3 కిలోవాట్ల ప్యానెళ్లు ఉండాలి. పగలు మాత్రమే ఏసీ చాలనుకునే వారికి ఈ బ్యాటరీల భారం చాలావరకు తప్పుతుంది.

అపోహ: ఎండ ఎంత మండితే కరెంటు అంత వస్తుంది.

వాస్తవం: ప్యానెల్‌కు కావలసింది వెలుగు, వేడి కాదు. దాని మీద రాసిన వాట్లు 25 డిగ్రీల వద్ద కొలిచినవి. ఆపైన ప్రతి డిగ్రీకీ సుమారు 0.35 శాతం తగ్గుతుంది. మే నెల మధ్యాహ్నం డాబా మీద ప్యానెల్ 65 డిగ్రీలకు చేరితే ఏడో వంతు పోయినట్లే. అందుకే కింద గాలి ఆడేలా ఎత్తుగా బిగించాలి. ఇక కొబ్బరిమట్ట నీడ ఒక్క ప్యానెల్ మీద పడినా, దానితో వరుసగా కలిపినవన్నీ మందగించవచ్చు.

అపోహ: సబ్సిడీ సోలార్ ఉంటే కరెంటు పోయినా ఏసీ ఆగదు.

వాస్తవం: 2024లో మొదలైన కేంద్ర ప్రభుత్వ పథకం పీఎం సూర్య ఘర్ కింద ఇచ్చే సబ్సిడీ గ్రిడ్‌కు కలిపిన వ్యవస్థలకే. బ్యాటరీ లేని అటువంటి వ్యవస్థ, స్తంభం మీద పనిచేసే లైన్‌మ్యాన్ భద్రత కోసం, లైను పోగానే తనంతట తానే ఆగిపోతుంది.

ముసురు పట్టిన రోజుల్లో ఉత్పత్తి నాలుగో వంతుకు పడిపోవచ్చు. ఆ రోజుల్లో ఏసీ మానుకొని ఫ్యానుతో సరిపెట్టుకోలేని ఇంటికి, గ్రిడ్ కనెక్షన్ తీసివేయమని నేను చెప్పను.