చేప తలను కాదన్న పడవ

తెరచాప పడవల పందెంలో ఇచ్చే అమెరికాస్ కప్ అనగానే దేశం పేరే అనుకుంటాం. నిజానికి అది ఒక పడవ పేరు. న్యూయార్క్‌లో జార్జ్ స్టీర్స్ రూపకల్పన చేసిన ‘అమెరికా’ అనే స్కూనర్ (రెండు తెరచాప కొయ్యల పడవ) 1851 మే 3న నీటిలోకి దిగింది. న్యూయార్క్ యాట్ క్లబ్‌కు చెందిన జాన్ కాక్స్ స్టీవెన్స్, ఆయన మిత్రులు కలిసి దాన్ని కట్టించారు.

అప్పటి ఇంగ్లండ్‌లో పడవకు కాడ్ చేప తల, మాకరెల్ తోక ఉండాలనేవారు. అంటే ముందు బొద్దుగా, వెనక సన్నగా. చేప హాయిగా ఈదుతోంది కదా, తప్పేముంది? ఉంది. చేప ఈదేది నీటి లోపల, పడవ సాగేది నీటి మీద. మొద్దు ముక్కు నీటిని తోసి ఎదుట అలను లేపుతుంది. పడవ శక్తిలో చాలా భాగం ఆ అలకే ఖర్చవుతుంది. స్టీర్స్ ముక్కును కత్తిలా సన్నగా, కొద్దిగా లోపలికి వంపు తిరిగేలా మలిచి, వెడల్పును నడుమకు జరిపాడు.

నాకు ఇంకా ఆసక్తిగా అనిపించేది గుడ్డ సంగతి. ఇంగ్లండ్ పడవల అవిసె నార తెరచాపలు గాలికి సాగి సంచుల్లా ఉబ్బేవి. నేత బిగియాలని వాటిని నీళ్లతో తడిపేవారు కూడా! ‘అమెరికా’వి మరలపై నేసిన నూలు తెరచాపలు, బల్లలా చదును. గాలికి ఎదురుగా ఏటవాలుగా సాగేటప్పుడు తెరచాప పక్షి రెక్కలా పనిచేయాలి. మరీ ఉబ్బిన తెరచాప అలా పనిచేయదు.

ఆగస్టు 22న ఇంగ్లండ్‌లోని ఐల్ ఆఫ్ వైట్ దీవి చుట్టూ, ఒక కప్పు కోసం పందెం. ‘అమెరికా’ అందరికంటే ఆలస్యంగా కదిలి, అందరికంటే ముందు గమ్యం చేరింది. అయితే గెలుపు పూర్తిగా మచ్చలేనిదేమీ కాదు. నాబ్ దీపనౌకకు (దారి చూపే దీపంతో ఒకేచోట నిలిపి ఉంచే నౌక) ఏ పక్క నుంచి వెళ్లాలో నియమాల్లో స్పష్టత లేకపోవడంతో అది దగ్గరి దారి పట్టింది. ఫిర్యాదు వచ్చినా నిలవలేదు. రెండోదిగా వచ్చిన ‘అరోరా’ 47 టన్నుల చిన్న పడవ, ‘అమెరికా’ 170 టన్నులది. చిన్న పడవకు సమయంలో రాయితీ ఇచ్చి ఉంటే తేడా బాగా తగ్గేది. రెండోది ఎవరని అడిగిన విక్టోరియా రాణికి ఎవరో “రెండో స్థానమంటూ లేదు” అని చెప్పారన్నది కట్టుకథే అయి ఉండాలి.

యజమానులు కొద్ది రోజుల్లోనే పడవను అక్కడే అమ్మేసి, కప్పుతో ఇంటికి వెళ్లారు. దానికే తర్వాత పడవ పేరు వచ్చింది. ఆ కప్పు 1983 వరకు వారి క్లబ్‌ను వదలలేదు. పడవ బతుకు మాత్రం చేతులు మారడమే. అమెరికా దేశపు అంతర్యుద్ధంలో దక్షిణాది రాష్ట్రాల పక్షాన తిరిగి, 1862లో ఫ్లోరిడాలో మునిగింది. ఉత్తరాది నౌకాదళం పైకి తీసి వాడుకుంది. చివరికి అనాపొలిస్ నౌకాదళ అకాడమీకి చేరింది. 1942 మార్చిలో కురిసిన మంచు బరువుకు షెడ్డు కూలి దానిమీద పడింది. మిగిలిన కలపను 1945లో కాల్చేశారు.