ఇంటి కంప్యూటర్‌కి ప్రొజెక్టర్: అపోహలు - వాస్తవాలు

అమలాపురం చుట్టుపక్కల ఊళ్లలో కంప్యూటర్లు, ప్రొజెక్టర్లు బిగించే పని నాది. సంక్రాంతి ముందు, క్రికెట్ మొదలయ్యే రోజుల్లో ఫోన్ ఆగదు. "బొమ్మ రావట్లేదండి, ప్రొజెక్టర్ పోయినట్టుంది" అంటారు. వెళ్లి చూస్తే ప్రొజెక్టర్ నిక్షేపంగా ఉంటుంది. తప్పు సీపీయూ వెనకాలో, ప్లగ్గులోనో, గోడ మీదో ఉంటుంది. నేను వెళ్లేలోపే కొందరు దాన్ని డబ్బాలో పెట్టి వాపసు పంపేస్తారు. ఇంకొందరు అంతకు రెట్టింపు పెట్టి వేరేది కొనేస్తారు. కష్టపడి కూడబెట్టిన డబ్బు అలా పోవడం చూడలేక ఇది రాస్తున్నాను.

అపోహ: కేబుల్ పెడితే చాలు, బొమ్మ దానంతటదే పడుతుంది.

పడొచ్చు, పడకపోవచ్చు. మొన్న రాజోలు వైపు ఒక రిటైర్డ్ మాస్టారింటికి వెళ్లాను. మనవడి కోసం గ్రాఫిక్స్ కార్డు వేయించిన కొత్త సీపీయూ. రెండు రోజులుగా గోడ మీద 'నో సిగ్నల్' తప్ప ఇంకేమీ లేదు. వెనక్కి తిప్పి చూస్తే మానిటర్ వైరు గ్రాఫిక్స్ కార్డుకీ, ప్రొజెక్టర్ వైరు మదర్‌బోర్డుకీ ఉన్నాయి. గ్రాఫిక్స్ కార్డు వేసిన చాలా సీపీయూల్లో మదర్‌బోర్డు మీదున్న హెచ్‌డీఎంఐ పోర్టు పనిచెయ్యకుండా ఆగిపోతుంది. మౌస్, కీబోర్డు, నెట్ వైరు గుచ్చే చోట ఉన్నది మదర్‌బోర్డు పోర్టు. దాని కింద విడిగా, అడ్డంగా ఒక వరసలో ఉన్నవి కార్డువి. వైరు కిందకి మార్చాను, బొమ్మ పడింది. మాస్టారు "ఇంతేనా బాబూ!" అన్నారు.

వైరు సరైన చోటే ఉన్నా బొమ్మ పడకపోతే మూడు పనులు చెయ్యండి. ప్రొజెక్టర్ రిమోట్‌లో 'సోర్స్' నొక్కి, మీరు వైరు పెట్టిన హెచ్‌డీఎంఐ 1 లేదా 2నే ఎంచుకోండి. కీబోర్డులో విండోస్ బటన్ పట్టుకుని 'పి' కొట్టండి. నాలుగు దారులు కనిపిస్తాయి: కంప్యూటర్ తెర ఒక్కటే, రెండింట్లో ఒకటే బొమ్మ, రెండు తెరలూ కలిపి ఒకటిగా, ప్రొజెక్టర్ ఒక్కటే. సినిమాకైనా మ్యాచ్‌కైనా నేను నాలుగోది పెట్టిస్తాను. దానికి కారణం ఉంది. రెండింట్లో ఒకటే బొమ్మ అంటే కంప్యూటర్ రెండిటికీ సరిపోయే రిజల్యూషన్, అంటే బొమ్మలో అడ్డంగా, నిలువుగా ఉండే చుక్కల లెక్క, వెతుక్కుంటుంది. మానిటర్ పాతదై 1366×768 అయితే 1920×1080 ప్రొజెక్టర్ కూడా దానికి తగ్గి నడవాల్సి రావచ్చు. అక్షరాలు మసకబారగానే జనం లెన్సు తుడవడం మొదలుపెడతారు. లెన్సు తప్పేమీ లేదు. డిస్‌ప్లే సెట్టింగ్స్‌లోకి వెళ్లి ప్రొజెక్టర్‌కి దాని సొంత రిజల్యూషన్ ఇస్తే అక్షరం అద్దంలా తేటగా వస్తుంది.

అపోహ: బొమ్మ వచ్చి సౌండ్ రాకపోతే స్పీకర్లు పోయినట్టే.

హెచ్‌డీఎంఐ వైరులో బొమ్మతో పాటు ధ్వని కూడా వెళుతుంది. వైరు తగిలించగానే విండోస్ చాలాసార్లు సౌండ్‌ని ప్రొజెక్టర్‌కి మళ్లించేస్తుంది. ప్రొజెక్టర్ లోపలుండే స్పీకర్ చిన్నది, ఫ్యాన్ చప్పుడులో వినపడదు. గడియారం పక్కనున్న స్పీకర్ గుర్తు నొక్కి మళ్లీ మీ హోమ్ థియేటర్‌ని ఎంచుకోండి, అంతే. వీజీఏ వైరు సంగతి వేరు. 1987లో ఐబీఎం తెచ్చిన ఆ నీలం పోర్టులో ధ్వనికి దారే లేదు, దానికి వేరే జాక్ వైరు కావాల్సిందే.

అపోహ: పిన్ను మారితే కన్వర్టర్ ఏదైనా ఒకటే.

హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏకి మార్చేది ఒకవైపే నడుస్తుంది. తిప్పి పెడితే పనిచెయ్యదు, వీజీఏ నుంచి హెచ్‌డీఎంఐకి మార్చేది వేరే డబ్బా. టైప్ సి పోర్టున్న ప్రతి ల్యాప్‌టాప్ నుంచీ బొమ్మ రాదు, కొన్నిట్లో ఆ పోర్టు చార్జింగ్‌కి, ఫైళ్లకి మాత్రమే. ఇక ప్రొజెక్టర్ మీదుండే యూఎస్‌బీ పోర్టు మామూలుగా పెన్‌డ్రైవ్ కోసం పెట్టింది. అందులోకి కంప్యూటర్ నుంచి వైరు లాగి గంటలు కూర్చున్నవాళ్లని చూశాను.

అపోహ: సీపీయూ ముట్టుకుంటే జివ్వుమనడం మామూలే.

ఇక్కడ కాసేపు ఆగండి. మీ సామాను బతకడానికీ, మీ ప్రాణానికీ సంబంధించిన విషయం ఇది.

కంప్యూటర్ పవర్ సప్లైలో కరెంటులోని చెత్తని వడగట్టడానికి చిన్న కెపాసిటర్లు ఉంటాయి. అవి ఫేజునీ న్యూట్రల్‌నీ సీపీయూ ఇనప డబ్బాతో కలుపుతాయి. ఎర్త్ వైరు ఉంటే ఆ కాస్త కరెంటూ నేలలోకి పోతుంది. ఎర్త్ లేకపోతే డబ్బా మీద సుమారు సగం వోల్టేజీ, అంటే 110, 115 వోల్టులు, నిలబడి ఉంటుంది. కరెంటు తక్కువే కాబట్టి చేతికి జివ్వుమనే తగులుతుంది. కానీ అదే తేడా హెచ్‌డీఎంఐ వైరు గుచ్చే క్షణంలో పోర్టులోని సన్నని చిప్పు గుండా దారి వెతుక్కుంటే చిప్పుకి చాలు. నేను పనిలోకి వచ్చిన కొత్తల్లో ఒక ఇంట్లో రెండూ ఆన్‌లో ఉండగానే వైరు పెట్టాను. టప్పున చిన్న చప్పుడు వచ్చింది. ప్రొజెక్టర్ వెలుగుతూనే ఉంది, హెచ్‌డీఎంఐ మాత్రం మళ్లీ పలకలేదు. ఆ ఇంటాయన ఒక్క మాట అనలేదు, నాకు మాత్రం నెల రోజులు నిద్ర పట్టలేదు. అప్పటినుంచి ఎవరింటికెళ్లినా ముందు ప్లగ్గులో ఎర్త్ వచ్చే మూడో పిన్ను చూస్తాను.

మన డెల్టా నేల ఎర్త్‌కి ఎంతో మంచిది. లంకల్లో నాలుగు పారలు తవ్వితే నీరు తగులుతుంది. నేలలో ఇంత తడి ఉండి కూడా ఇంట్లో ఎర్త్ లేకపోవడానికి కారణం వైరింగే. పెంకుటిళ్లలో మీటర్ దగ్గర గొయ్యి ఉంటుంది, అక్కడినుంచి ప్లగ్గు దాకా వైరు లాగి ఉండదు. ఎక్కడైనా ఉన్నా, రెండు పిన్నుల ఎక్స్‌టెన్షన్ బాక్సు దాన్ని తెంపేస్తుంది. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి మల్టీమీటర్‌తో చూపించుకోండి. ఫేజుకీ ఎర్త్‌కీ మధ్య 230కి దగ్గరగా, న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య ఒకటి రెండు వోల్టులు చూపిస్తే బాగున్నట్టు. సీపీయూ, ప్రొజెక్టర్, ఆంప్లిఫయర్ మూడూ ఒకే బోర్డులోంచి తీసుకోండి. వేర్వేరు గదుల బోర్డుల్లోంచి తీసుకుంటే స్పీకర్లలో 'గుయ్' మని మోత, వీజీఏ బొమ్మలో పైకి పాకే చారలు రావడానికి ఎక్కువ అవకాశం. వైరు గుచ్చేటప్పుడు రెండూ ఆపి ఉంచండి.

అపోహ: డబ్బా మీద 9000 ల్యూమెన్లని ఉంటే పట్టపగలు కూడా చూడొచ్చు.

ఈ మాట నమ్మి నష్టపోయినవాళ్లని ఎంతమందిని చూశానో. వెలుగు కొలవడానికి ఒక పద్ధతి ఉంది: తెరని తొమ్మిది భాగాలు చేసి, తొమ్మిది చోట్లా కొలిచి సగటు తీసి, తెర వైశాల్యంతో హెచ్చవేస్తారు. అలా వచ్చినవి ఆన్సీ (ANSI) ల్యూమెన్లు. ఆ మాట లేకుండా ఉత్త 'ల్యూమెన్లు' అని వేసే చవక డబ్బాల అంకెకి విలువ లేదు. రెండో మెలిక '1080పీ సపోర్ట్'. 1080పీ అంటే 1920×1080 బొమ్మ. ఆ బొమ్మని లోపలికి తీసుకుంటుందనే దాని అర్థం, అంత తేటగా చూపిస్తుందని కాదు. అడగాల్సింది 'నేటివ్ రిజల్యూషన్, అంటే దాని సొంత రిజల్యూషన్, ఎంత?' అని. 1280×720 దానిలో చుక్కలు 9 లక్షల పైచిలుకు, 1920×1080 దానిలో 20 లక్షల పైచిలుకు. ఎక్సెల్ షీటు వేసి పిల్లలకి లెక్కలు చెప్పే ఇంట్లో ఈ తేడా కళ్లకి కొట్టొచ్చినట్టు కనబడుతుంది.

ఎంత మంచి ప్రొజెక్టరైనా నలుపుని వెలుగుగా వెయ్యలేదు. ప్రొజెక్టర్ దగ్గర నలుపంటే వెలుగు వెయ్యకపోవడమే. కాబట్టి ప్రొజెక్టర్ ఆపినప్పుడు మీ గదిలో గోడ ఎంత తెల్లగా కనిపిస్తుంటే మీ నలుపు అంత తెలుపు. కిటికీకి దళసరి తెర కట్టి, ట్యూబ్‌లైటు ఆపితే 20 వేల రూపాయల ప్రొజెక్టర్ కూడా కన్నుల పండువగా ఉంటుంది. బొమ్మ పెద్దదైతే మేలన్నదీ సరికాదు. 60 అంగుళాల్ని 120 చేస్తే వైశాల్యం నాలుగింతలు, వెలుగు నాలుగో వంతు. 100 అంగుళాల బొమ్మ వెడల్పు సుమారు 7.3 అడుగులు. ప్రొజెక్టర్ దూరం బొమ్మ వెడల్పుకి ఎన్ని రెట్లో చెప్పే అంకె త్రో రేషియో. అది 1.2 అయితే ప్రొజెక్టర్ గోడకి 8.7 అడుగుల దూరంలో, 1.5 అయితే 11 అడుగుల దూరంలో ఉండాలి. మన పడగ్గదులు చాలావాటికి పొడుగు 12 అడుగులే. గది కొలిచి, ఈ లెక్క వేసుకునే కొనండి.

గోడకి ఆయిల్ పెయింట్ ఉంటే మధ్యలో ఒక మెరుపు ముద్ద కనిపిస్తుంది. మెరుపు లేని తెల్ల ఎమల్షన్ కానీ, చదునుగా ఉంటే సున్నం గోడ కానీ చాలు. దుప్పటి కడితే కొంత వెలుగు వెనక్కి దూరిపోతుంది, గాలికి బొమ్మ కూడా ఊగుతుంది.

అపోహ: ఎక్కడ పెట్టినా కీస్టోన్ సరిచేసేస్తుంది.

కీస్టోన్ అంటే వంకరగా పడ్డ బొమ్మని లోపలే కత్తిరించి నలుచదరంగా చూపించడం. కత్తిరించినంత మేర చుక్కలు పోతాయి, అంచులు మెత్తబడతాయి. కాబట్టి ప్రొజెక్టర్‌ని గోడకి ఎదురుగా తిన్నగా పెట్టండి. స్టూలు ఎత్తు చాలకపోతే కింద రెండు పుస్తకాలు పెట్టండి, ముందుకాలు మరీ ఎత్తొద్దు. కీస్టోన్‌ని చివర్లో రెండు మూడు మెట్లకి మించి వాడనివ్వను.

అపోహ: కరెంటు పోయే ఊళ్లలో స్టెబిలైజర్ లేకుండా పెట్టకూడదు.

ప్రొజెక్టర్ అడుగున చీటీ చదవండి. చాలావాటి మీద 100 నుంచి 240 వోల్టులని ఉంటుంది. సాయంత్రం 180కి పడినా దానికి ఇబ్బంది లేదు. ఎక్కువగా భయపడాల్సింది పిడుగుకి. మబ్బు పట్టగానే, ఉరుములు మొదలవకముందే, ప్లగ్గుతో పాటు కంప్యూటర్ నెట్ వైరు కూడా పీకెయ్యండి.

ఇన్వర్టర్ మీద నిశ్చింతగా నడుపుకోవచ్చు. లాంపు రకం ప్రొజెక్టర్ 250, 300 వాట్లు తాగుతుంది, చిన్న ఎల్ఈడీది వందలోపే. ఇన్వర్టర్‌ని 'యూపీఎస్ మోడ్'లో పెడితే కరెంటు పోయినప్పుడు సీపీయూ రీస్టార్ట్ అవ్వదు. ఇన్వర్టర్ లేక లాంపు రకం ఠక్కున ఆగిపోతే వెంటనే వెలిగించబోకండి. లోపల పాదరసం ఆవిరి ఒత్తిడి తగ్గేదాకా అది అంటుకోదు. పది నిమిషాలు కదపకుండా, మూత వెయ్యకుండా వదిలెయ్యండి.

అపోహ: ఓటీటీ సినిమా నల్లగా వస్తుంటే నెట్ స్లో.

సౌండ్ వస్తూ బొమ్మ ఒక్కటే నల్లగా ఉంటే నెట్‌ని అనుమానించక్కర్లేదు. సినిమాని కాపీ చెయ్యనివ్వకుండా హెచ్‌డీసీపీ అనే కాపలా ఉంది. కంప్యూటర్, ప్రొజెక్టర్, మధ్యలో ఏదైనా డబ్బా ఉంటే అదీ దానికి జవాబివ్వాలి. మధ్యలో వీజీఏ కన్వర్టర్ పెట్టారా, చాలాసార్లు అక్కడే ఆగిపోతుంది.

అపోహ: కొన్నాక చూసుకోవాల్సిందేమీ లేదు, లెన్సు తుడిస్తే చాలు.

మన ఉబ్బకి ఏసీ గదిలోంచి ప్రొజెక్టర్‌ని నేరుగా అరుగు మీదకి తెస్తే లెన్సు మీద చెమట పడుతుంది. అరగంట ఊరికే ఉంచి, ఆ తర్వాత ఆన్ చెయ్యండి. దోమల చుట్ట దగ్గర పెట్టకండి. ఆ పొగలోని జిడ్డుని ఫ్యాన్ లోపలికి లాగి అద్దాల మీద పూస్తుంది, దాన్ని బయటినుంచి తుడిచే దారి లేదు. ఫిల్టర్ ఉన్న రకమైతే నెలకోసారి తీసి దులపండి.

తొలకరి పడిన రాత్రి మాత్రం అరుగు మీద ఆట వద్దు. ఉసుళ్లు మొదట లెన్సు వెలుగు మీద వాలతాయి, తర్వాత వేడిగాలి వచ్చే కంతల్లో దూరతాయి. ముమ్మిడివరం దగ్గర ఒక ప్రొజెక్టర్ విప్పితే ఫ్యాన్ రెక్కల చుట్టూ గుప్పెడు ఉసుళ్ల రెక్కలు తీశాను, ఫ్యాన్ తిరగక లాంపు మాడిపోయి ఉంది. ఆ ఇంట్లో ఇప్పుడు కిటికీకి దోమల జాలీ బిగించి, లోపలి గదిలోనే గోడ మీద వేసుకుంటున్నారు.