డ్రైవర్ సీటు, నడుము నొప్పి: కుషన్ కొనే ముందు

హైదరాబాద్ నుంచి విజయవాడ దాదాపు 270 కిలోమీటర్లు. దారిలో సూర్యాపేట దగ్గర టీకి ఆగిన కార్లను గమనించండి. పక్క సీటులోంచీ వెనక సీటులోంచీ దిగినవాళ్లు నేరుగా టీ కొట్టు వైపు నడుస్తారు. బండి నడిపినవారు మాత్రం తలుపు పట్టుకుని మెల్లగా లేచి, నడుము మీద చెయ్యి వేసుకుని ఒకసారి వెనక్కి విరుచుకుంటారు. అందరూ వచ్చింది ఒకే కారులో, ఒకే రోడ్డు మీద. ముందున్న రెండు సీట్లూ ఇంచుమించు ఒకటే. నొప్పి మాత్రం డ్రైవరుకే ఎక్కువ.

అడిగితే చాలామంది చెప్పే కారణం సీటు గట్టిగా ఉందని. అందుకే మెత్తటి కుషన్ కొంటారు. నేనైతే మొదట చూడాల్సింది కటి ఎముకను, అంటే నడుముకు కింద, తొడలకు పైన ఉండే ఎముకల గిన్నెను అంటాను. అది సీటులో ఏ కోణంలో నిలుస్తుందో దాన్నిబట్టే నడుము సుఖం ఉంటుంది. దాన్ని సరిచేయడానికి చాలా కార్లలో ఒక పాత టవల్, కాస్త ఓపిక సరిపోతాయి.

నిలబడినప్పుడు నడుము దగ్గర వెన్నెముక కొద్దిగా లోపలికి, అంటే పొట్ట వైపుకు వంపు తిరిగి ఉంటుంది. అక్కడ 5 వెన్నుపూసలు, వాటి మధ్య దిండ్లలాంటి డిస్కులు ఉంటాయి. ఈ వరుస మొత్తం కటి మీద నిలబడుతుంది కాబట్టి, కటి వెనక్కి ఒరిగితే నడుము వంపు చదునైపోతుంది. ఇంకాస్త ఒరిగితే గూనిలా బయటికి తిరుగుతుంది. అప్పుడు డిస్కుల ముందు భాగం నలుగుతుంది, వెనకవైపు ఎముకలను కలిపి పట్టే లిగమెంట్లు సాగుతాయి. ఐదు నిమిషాలైతే ఏమీ కాదు. మూడు గంటలు అదే పనిగా సాగితే నడుము పట్టేస్తుంది.

కూర్చోగానే కటి వెనక్కి ఎందుకు ఒరుగుతుంది? ముఖ్యంగా తొడ వెనక కండరాల వల్ల. ఇవి మనం కూర్చున్నప్పుడు కింద ఆనే ఎముకల దగ్గర మొదలై, మోకాలు దాటి, దాని కింది ఎముకలకు అతుక్కుంటాయి. అంటే తుంటి, మోకాలు రెండు కీళ్ల మీదుగా వెళ్తాయి. మోకాలు చాచేకొద్దీ అవి బిగిసి కటిని కింది నుంచి లాగుతాయి. అమెరికాలోని ఒమాహాకు చెందిన డాక్టర్ జె. జె. కీగన్ రకరకాల భంగిమల్లో నడుముకు ఎక్స్‌రేలు తీసి, కాళ్ల కోణాన్ని బట్టి నడుము వంపు ఎలా మారుతుందో 1953లో ప్రచురించారు. ఇంట్లోనే దీన్ని చూసుకోవచ్చు. కుర్చీ అంచున నిటారుగా కూర్చుని ఒక చెయ్యి నడుము వెనక పెట్టుకోండి. ఇప్పుడు ఒక కాలిని మోకాలు వంగకుండా ముందుకు చాచండి. నడుము చదునవుతూ చేతిని వెనక్కి నెట్టడం తెలుస్తుంది.

డ్రైవరుకూ పక్కన కూర్చున్నవారికీ ఉన్న తేడా ఇక్కడే. పక్కవారు కాళ్లు ముడుచుకోవచ్చు, చాపుకోవచ్చు, ఒక పక్కకు తిరగొచ్చు. డ్రైవరు కుడికాలు యాక్సిలరేటరు మీద, ఎడమకాలు క్లచ్ దగ్గర, చేతులు స్టీరింగ్ మీద, కళ్లు రోడ్డు మీద ఉండాలి. సీటు బాగా వెనక్కి జరుపుకుని కాళ్లు చాచి నడిపేవారికి క్లచ్ తొక్కిన ప్రతిసారీ ఆ కండరాలు కటిని లాగుతూనే ఉంటాయి. స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో గున్నార్ ఆండర్సన్, ఆల్ఫ్ నాచెమ్సన్, వారి సహచరులు మనుషుల నడుము డిస్కులోకి ఒత్తిడి కొలిచే సూది పంపి, కారు సీటులో కూర్చోబెట్టి కొలిచారు. 1974లో వెలువడిన ఆ ఫలితాల్లో క్లచ్ తొక్కినప్పుడూ గేరు మార్చినప్పుడూ ఒత్తిడి పెరిగింది. సీటు వీపు భాగం కాస్త వెనక్కి వాలినప్పుడు, నడుము వెనక ఆధారం ఉన్నప్పుడు తగ్గింది. అమీర్‌పేట ట్రాఫిక్‌లో గంటసేపు క్లచ్ తొక్కుతూ వదులుతూ పోయేవారికి హైవే మీద కంటే ఎక్కువ అలసట రావడం వింతేమీ కాదు.

నిలబడటం కంటే కూర్చోవడమే డిస్కులకు ఎక్కువ భారమని నాచెమ్సన్ కొలతల వల్ల చాలాకాలం అందరూ నమ్మారు. 1999లో జర్మనీలోని ఉల్మ్‌లో హాన్స్-యోఖిమ్ విల్కే బృందం ఒక వ్యక్తి డిస్కులో సెన్సర్ పెట్టి రోజువారీ పనులన్నిటిలో కొలిస్తే, వెనక్కి ఆని హాయిగా కూర్చున్నప్పుడు ఒత్తిడి నిలబడినప్పటి కంటే తక్కువే ఉంది. ముందుకు వంగి కూర్చుంటే మాత్రం పెరిగింది. ఒక్క మనిషి మీద చేసిన కొలత కాబట్టి దానికి పరిమితి ఉంది. అయినా వీపు ఆనించడం ఎంత ముఖ్యమో రెండు చోట్లా కనిపిస్తుంది.

ఇక సీటు సరిచేసుకోవడం. ముందు వెనక జేబులోని పర్సు తీసేయండి. ఒక పిరుదు కింద పర్సు ఉంటే కటి పక్కకు వాలుతుంది, నడుము కూడా దానితో పాటే. తర్వాత పిరుదులు సీటు మూలకు పూర్తిగా తగిలేలా వెనక్కి జరిగి కూర్చోండి. చాలామంది ఇక్కడే పొరపాటు పడతారు. నాలుగు వేళ్ల ఖాళీ వదిలితే, ఆ తర్వాత ఏ కుషన్ పెట్టినా కటి ఆ ఖాళీలోకి ఒరిగిపోతుంది. సీటును ఎంత ముందుకు జరపాలన్నది క్లచ్ తేలుస్తుంది. దాన్ని పూర్తిగా నొక్కినప్పుడు కూడా మోకాలు కాస్త వంగి ఉండాలి. సీటు ముందు అంచుకూ మోకాలి వెనక భాగానికీ మధ్య రెండు మూడు వేళ్లు పట్టాలి. లేదంటే అక్కడి రక్తనాళాలూ నరాలూ నొక్కుకుని పాదాలు తిమ్మిరెక్కుతాయి.

వీపు భాగం ఎంత వాలాలి? గోథెన్‌బర్గ్ కొలతల్లో నిట్టనిలువును 90 డిగ్రీలు అనుకుంటే, డిస్కు ఒత్తిడి తక్కువగా ఉన్నది 120 డిగ్రీల దగ్గర. కానీ అంత వాలితే చేతులు చాచాలి, రోడ్డు చూడటానికి మెడ ముందుకు పెట్టాలి. నడుము బాగుపడి మెడ పాడవుతుంది. 100 నుంచి 110 డిగ్రీల మధ్య చాలామందికి కుదురుతుంది. భుజాలు సీటుకు ఆని ఉండగానే మణికట్టు స్టీరింగ్ పైఅంచుకు అందితే దూరం సరిపోయినట్టే. స్టీరింగ్ మధ్యభాగానికీ ఛాతీ ఎముకకూ మధ్య కనీసం 25 సెంటీమీటర్లు ఉండాలని అమెరికా రహదారి భద్రతా సంస్థ చెబుతుంది. ఎయిర్‌బ్యాగ్ విచ్చుకోవడానికి ఆ చోటు అవసరం. ఎత్తు తక్కువున్న స్త్రీలకు పెడల్ అందాలంటే ముందుకు జరగాలి, అప్పుడు ఈ దూరం తగ్గిపోతుంది. సీటు ఎత్తు పెంచుకుని, వీపు భాగం కొద్దిగా వాల్చి, వీలున్న కార్లలో స్టీరింగ్ కిందికి దించితే చాలావరకు సర్దుకుంటుంది. చవక మోడళ్లలో సాధారణంగా సీటు ఎత్తు మార్చే లివర్ ఉండదు. అంత చిన్న భాగాన్ని ఖరీదైన వేరియంట్లకే పరిమితం చేయడం నాకు అన్యాయంగా తోస్తుంది. కారు కొనేటప్పుడు టచ్‌స్క్రీన్ కంటే ముందు దాన్ని అడగండి.

ఇప్పుడు టవల్. దాన్ని మీ ముంజేయి లావున చుట్టి, ప్యాంటు బెల్టు ఎత్తులోనో దానికి కాస్త పైనో నడుము వెనక పెట్టుకోండి. కటి పైఅంచును ముందుకు నిలబెట్టడం దాని పని. మరీ పైన పెడితే వీపును నెడుతుంది, కటి మాత్రం వెనక్కే పోతుంది. బజారులో దొరికే నడుము దిండ్లు చాలావరకు అవసరానికి మించిన లావు ఉంటాయి. అలాంటిది పెట్టుకుంటే అరగంటలో నడుము కండరాలు బిగుసుకుంటాయి. టవల్‌తో ఉన్న లాభం ఏమిటంటే, ఒక మడత తీసి, ఒక మడత వేసి మీ నడుముకు సరిపోయే లావు మీరే తేల్చుకోవచ్చు. సీటు అడుగు వెనక్కి పల్లంగా ఉండి, మోకాళ్ల కంటే తుంటి కిందికి పోతుంటే, ఇంకో టవల్ మడిచి ఆ పల్లంలో పరవండి. తుంటి కొంచెం లేస్తే కటి తనంతట తానే నిలబడుతుంది.

మెత్తదనం సంగతి కొస్తే, కూర్చున్నప్పుడు పైశరీరం బరువులో ఎక్కువ భాగం పిరుదుల్లోని రెండు ఎముకల మొనల మీద పడుతుంది. ఫోమ్ మరీ మెత్తగా ఉంటే ఆ మొనలు దాన్ని పూర్తిగా అణచి కింది గట్టి భాగాన్ని తాకుతాయి. షోరూములో రెండు నిమిషాలు హాయిగా అనిపించిన సీటు రెండు గంటల తర్వాత నొప్పి పుట్టించడానికి కారణం ఇదే. మెమరీ ఫోమ్‌ను 1966లో అమెరికాలో నాసా కోసం, విమాన సీట్ల కుషన్లను మెరుగుపరిచే పనిలో ఛార్లెస్ యోస్ట్ తయారుచేశారు. వేడి తగిలితే అది మెత్తబడుతుంది. ఒంటి వెచ్చదనానికి శరీరం ఆకారంలోకి ఒదగడం దాని గుణం. మే నెలలో విజయవాడ ఎండలో నిలిపిన కారులో మాత్రం అదే గుణం ఇబ్బంది. మీరు కూర్చోకముందే అది బాగా మెత్తబడి ఉంటుంది, పైగా వేడిని వదలదు.

పాత కారు అయితే కవరు కింద ఏముందో చూడటం మంచిది. మన కార్లలో డ్రైవరు కుడి వైపు నుంచి ఎక్కి దిగుతారు కాబట్టి సీటు కుడి అంచు ముందుగా నలుగుతుంది, కూర్చుంటే ఒంటివైపుకు వాలుతుంది. కింది స్ప్రింగులో తీగలో సాగి ఉంటే పైన ఎన్ని కుషన్లు వేసినా లాభం లేదు. సీట్లు కుట్టే షాపులో కవరు విప్పించి, అరిగిన చోట కొత్త ఫోమ్ వేయించడం కొత్త కుషన్ కంటే మంచి ఖర్చు. అక్కడ 32 డెన్సిటీ, 40 డెన్సిటీ అని అడుగుతారు. అది ఒక ఘనమీటరు ఫోమ్ ఎన్ని కిలోల బరువో చెప్పే లెక్క. డెన్సిటీ ఎక్కువైతే ఎక్కువకాలం ఆకారం నిలుపుకుంటుంది. మెత్తదనం వేరే గుణం, దాన్ని నొక్కి చూసి ఎంచుకోవాలి.

కవర్ల విషయంలో ఒక హెచ్చరిక. చాలా కార్లలో సైడ్ ఎయిర్‌బ్యాగ్ ముందు సీటు బయటి అంచులోనే ఉంటుంది. అక్కడ తెరుచుకునే ఏర్పాటు లేని బిగుతు కవరు తొడిగితే అది సరిగా విచ్చుకోదు. అలాగే సీటు మీద జారే మందపాటి కుషన్ ప్రమాదంలో శరీరాన్ని బెల్టు కిందికి జారనిస్తుంది, పొట్ట మీద బెల్టు బిగుసుకుంటుంది. కుషన్ వేసుకున్నాక కూడా బెల్టు కింది పట్టీ కటి ఎముకల మీదుగానే పోతోందా అని చేత్తో తడిమి చూసుకోండి. క్యాబ్ డ్రైవర్లు వేసుకునే చెక్కపూసల కవర్లు వీపుకూ రెక్సిన్‌కూ మధ్య గాలి ఆడనిస్తాయి. మన చెమటకు అది నిజంగా పనికొచ్చే ఏర్పాటు, కాకపోతే అది కూడా జారకుండా గట్టిగా కట్టి ఉండాలి.

సీటు ఎంత బాగున్నా రోడ్డు కుదుపు ఉంటుంది. కూర్చున్న మనిషి శరీరం సెకనుకు 4 నుంచి 6 సార్లు వచ్చే నిలువు కంపనానికి అన్నిటికంటే ఎక్కువగా ఊగుతుంది. సీటు ఫోమ్ కూడా దాదాపు ఆ ప్రాంతంలోనే కంపనాన్ని పెంచి పైకి పంపుతుంది. మైలేజీ కోసం టైర్లలో గాలి ఎక్కువ కొట్టిస్తే గతుకుల దెబ్బ నేరుగా సీటుకు చేరుతుంది. డ్రైవరు తలుపు తీస్తే చాలా కార్లలో అంచున ఒక స్టిక్కర్ కనిపిస్తుంది. అందులో రాసిన ప్రెషరే పెట్టించండి. షాక్ అబ్జార్బర్లు పోయిన కారులో నడుముకు ఏ టవలూ అడ్డు రాదు.

ఇవన్నీ చేశాక కూడా ఎక్కువసేపు కదలకుండా ఉండకూడదు. పెద్దవాళ్ల డిస్కుల్లో రక్తనాళాలు దాదాపు ఉండవు. పోషకాలు చుట్టూ ఉన్న కణజాలం నుంచి ఊరుతూ చేరాలి, బరువు పడుతూ తగ్గుతూ ఉండే కదలిక డిస్కులోని నీటిని ఆడిస్తుంది. గంటన్నరకో రెండు గంటలకో ఆగి ఐదు నిమిషాలు నడవండి. రోజుకు పది పన్నెండు గంటలు సీటులోనే గడిపే క్యాబ్ డ్రైవర్లకు రైడ్‌ల మధ్య ఆ ఐదు నిమిషాలు దొరకడం ఎంత కష్టమో తెలుసు. కనీసం కస్టమరు కోసం ఆగినప్పుడైనా దిగి నిలబడితే మేలు. నొప్పి కాలిలోకి పాకుతూ తిమ్మిరి, బలహీనత వస్తుంటే సీటు సర్దడం ఆపి డాక్టరుకు చూపించాలి.

ఊరు చేరగానే డిక్కీ తీసి సూట్‌కేసులు దించే పని సాధారణంగా డ్రైవరుదే అవుతుంది. ఆ సమయంలో గంటల తరబడి సాగిన లిగమెంట్లు ఇంకా వదులుగానే ఉంటాయి, వెంటనే పూర్వస్థితికి రావు. వంగి బరువెత్తితే భారం డిస్కుల మీదే ఎక్కువ పడుతుంది. ముందు ఇంటి చుట్టూ నాలుగడుగులు వేసి రండి, ఈలోపు సామాను ఇంకెవరైనా దించితే మరీ మంచిది.