పాలగాజు, పంటి మీద సుద్ద మచ్చలు

నల్గొండలో బస్సెక్కి సాలార్‌జంగ్ మ్యూజియానికి వెళ్ళింది గంట కొట్టే గడియారం కోసమే. మర్రిగూడ పెద్దమ్మ ముచ్చటపడింది. అది చూశాక యూరప్ గాజు సామాను ఉన్న గదిలోకి వెళ్ళాం. ఎరుపు, నీలం, పచ్చ కూజాలు చూసి పెద్దమ్మ అద్దానికి ముక్కు ఆనించింది. "ఏం రంగులు వేశారురా!"

వేసిన రంగులు కావవి, కలిపినవి. ఇసుకను సోడాతో, సున్నంతో కరిగించేటప్పుడే పిసరంత లోహం పడాలి. కోబాల్ట్ పడితే నీలం, ఇనుము పడితే సీసాల ఆకుపచ్చ. రాగి మాత్రం తిక్కది. కొలిమిలో గాలి బాగా ఆడితే దాని అయాన్లు, అంటే ఎలక్ట్రాన్లు పోగొట్టుకున్న పరమాణువులు, కాంతిలోని ఎరుపును మింగేసి, నెమలికంఠం రంగును మనకు వదులుతాయి. గాలి తగ్గిస్తే అదే రాగి విడి లోహమై, కంటికి ఆనని రేణువులుగా పేరుకుని నీలాన్నీ పచ్చనూ మింగుతుంది. అప్పుడు గాజు నెత్తురు ఎరుపు. పెద్దమ్మ చేతి గాజుల రంగులూ ఇలా పుట్టేవే. వాటిని మట్టిగాజులు అనడం నాకు భలే నచ్చుతుంది, ఇసుకను మరిచిపోని పేరు!

తెల్లని పాలగాజుది వేరే దారి. అక్కడ మింగుడు లేదు, చెదరడమే. ఒకప్పుడు ఎముకల బూడిద కలిపేవారు, తర్వాత ఫ్లోర్‌స్పార్ అనే ఖనిజం లాంటి ఫ్లోరైడ్‌ల వాడకం పెరిగింది. కరిగినప్పుడు తేటగానే ఉంటుంది. చల్లారే కొద్దీ లోపల సూక్ష్మమైన ఫ్లోరైడ్ స్ఫటికాలు మొలకెత్తుతాయి. గాజులో ఒక తీరుగా, స్ఫటికంలో మరో తీరుగా వంగే కాంతి ప్రతి సరిహద్దులోనూ దారి తప్పుతుంది. అన్ని రంగులూ కలిసే చెదురుతాయి కనుక తెల్లగా కనిపిస్తుంది. నీళ్ళలో తేలే కొవ్వు బిందువుల వల్ల పాలు తెల్లగా ఉండేదీ ఇందుకే.

ఫ్లోరైడ్ అనగానే నల్గొండ వాడికి కూజాలు గుర్తుకు రావు. మా నేల కింది గ్రానైట్‌లోనూ ఫ్లోర్‌స్పార్ ఉంది. అది కొద్దికొద్దిగా బోరు నీళ్ళలోకి దిగుతుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీళ్ళు చిన్నప్పుడు ఏళ్ళ తరబడి తాగితే, పంటి పైపొర ఎనామెల్ సరిగా గట్టిపడదు. సన్నని రంధ్రాలు మిగిలిపోతాయి.

బీరువా అద్దంలో నా పళ్ళు కనిపించాయి. ముందు రెండింటి మీదా సుద్ద మచ్చలు, వెనక పాలగాజు కూజా. మచ్చలో ఉన్నది ఫ్లోరైడ్ తెలుపు కాదు. రంధ్రానికీ పంటి ఖనిజానికీ మధ్య కాంతి చెదరడమే. పళ్ళ డాక్టరు గాలి కొట్టి ఆరబెడితే మచ్చ ఇంకా తెల్లబడుతుంది. రంధ్రాల్లో నీటికి బదులు గాలి చేరితే కాంతి వంగే తీరులో తేడా పెరుగుతుంది మరి.

పెద్దమ్మ పళ్ళు గోధుమ రంగువి. పన్ను మొలిచాక ఆ రంధ్రాల్లోకి మరకలు ఇంకితే వచ్చే రంగు అది. ఇదంతా చెబితే ఓపిగ్గా విని, కూజా వైపు చూపింది.

"అయితే నా పళ్ళకూ ఇట్లాంటి అద్దాల బీరువా చేయించరా."