అత్తిపత్తి, దాని తర్వాత బీరతీగ

పిల్లలూ,

అత్తిపత్తికి నరాలుంటాయా అని అడిగారు. ఫోన్లో చెప్తే సగం వింటారు, సగం టీవీ పాలవుతుంది, అందుకే రాస్తున్నా.

నరాలు లేవు, కండలూ లేవు. ఆ పనంతా నీళ్లది. కాడ కొమ్మకు అతుక్కునే చోటా, ఒక్కో చిట్టి ఆకు ఈనెకు అతుక్కునే చోటా కొంచెం ఉబ్బెత్తుగా ఉంటుంది చూడండి, అక్కడి కణాలు నీళ్లతో బిగిసి ఉన్నంతసేపు ఆకు విచ్చుకుని ఉంటుంది. తాకగానే సన్నటి కరెంటు పుట్టి పాకుతుంది, దాంతో ఒక పక్క కణాల్లోంచి పొటాషియం, క్లోరైడ్ బయటికొస్తాయి, వాటి వెంట నీళ్లూ వచ్చేస్తాయి, ఆ పక్క మెత్తబడి ఆకు ముడుచుకుంటుంది. మళ్లీ నీళ్లెక్కి విప్పుకోవడానికి పావుగంటో అరగంటో పడుతుంది. ఆ కరెంటును కలకత్తాలో జగదీశ్ చంద్ర బోస్ నూరేళ్ల కిందటే సొంతంగా చేసుకున్న పరికరాలతో కొలిచారు.

ఈసారి కాలువ గట్టుకు పోతే ఆకు మొత్తాన్ని అరచేత్తో నిమరకండి. కొసన ఉన్న జతను మాత్రమే గోటితో గిల్లండి. ఆ జత మూసుకుంటుంది, తర్వాత దాని వెనక జత, ఆ తర్వాత ఇంకోటి, అట్లా వరసగా మొదలు దాకా వచ్చి ఒక్కోసారి కాడే కిందికి వాలిపోతుంది. ముళ్లుంటాయి, పైలం. సరదాకి చెట్టంతా ముడిపించకండి, ముడుచుకున్నంతసేపు దానికి ఎండ తక్కువ, అంటే తిండీ తక్కువ.

నన్నడిగితే అత్తిపత్తి కన్నా మన పెరట్లో బీరతీగే గట్టిది, కాకపోతే నిదానం కాబట్టి ఎవరూ పట్టించుకోరు. దాని నులితీగ గాల్లో మెల్లగా తిరుగుతూ ఆసరా వెతుక్కుంటుంది, కట్టె తగిలితే చుట్టేస్తుంది. వాన చినుకులు ఎన్ని పడ్డా మాత్రం చుట్టుకోదు! అత్తిపత్తి అయితే వానకూ ముడుచుకుంటుంది.

కట్టెను పట్టుకున్నాక నులితీగ స్ప్రింగులా మెలికలు పడి మొక్కను పందిరి వైపు లాగుతుంది. దగ్గరికి పోయి చూడండి, సగం మెలికలు కుడికి, సగం ఎడమకు, నడుమ చిన్న తిన్నటి ముక్క. రెండు కొసలూ కట్టేసి ఉన్నాయి కదా, ఒకే వైపు మెలి తిరగడం కుదరదు. నమ్మకపోతే ఒక తాడు రెండు కొసలూ చెరొకరు గట్టిగా పట్టుకోండి, మూడోవాళ్లు నడుమ పట్టుకుని మెలిపెట్టాలి.

మీ తాత,
నల్లగొండ